జనరల్ దిగిపోయాక ఎన్నికలు ఎవరు జరపాలి?
బంగ్లాదేశ్ అనుభవం



ఒక దేశంలో సైనిక పాలన ఎలా మొదలవుతుందో చెప్పడం తేలిక. తెల్లవారుజామున రేడియోలో ఒక ప్రకటన వస్తుంది. పార్లమెంటు రద్దవుతుంది. రాజ్యాంగాన్ని పక్కన పెడతారు. వీధుల్లో ట్యాంకులు కనిపిస్తాయి. ఇలాంటివి మీరు పాఠ్యపుస్తకాల్లో చాలానే చదివి ఉంటారు. అదే పాలన ఎలా ముగిసిందని అడిగితే మాత్రం "ప్రజలు తిరగబడ్డారు, ఎన్నికలు జరిగాయి, ప్రజాస్వామ్యం వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. జనరల్ గద్దె దిగిన రోజుకూ కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజుకూ నడుమ కొన్ని వారాలో, కొన్ని నెలలో గడుస్తాయి. ఆ కాలంలో దేశాన్ని నడిపేది ఎవరు? పోలింగ్ కేంద్రం దగ్గర నిలబడే పోలీసు ఎవరి మాట వింటాడు? జిల్లా అధికారులను బదిలీ చేసేది ఎవరు? ఈ ప్రసంగంలో ఆ మధ్యకాలం గురించే మాట్లాడుకుందాం. అందుకు మన తూర్పు పొరుగుదేశం బంగ్లాదేశ్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆ దేశం ఈ ప్రశ్నకు ఒక కొత్త జవాబు కనిపెట్టింది. ఆ జవాబు ఒకసారి చక్కగా పనిచేసింది. తర్వాత దానికి ఏమైందన్నదే అసలు కథ.

ముందు నేపథ్యం క్లుప్తంగా చూద్దాం. 1971లో స్వాతంత్ర్యం పొందిన బంగ్లాదేశ్ 1972లో పార్లమెంటరీ విధానంతో రాజ్యాంగం రాసుకుంది. 1975 జనవరిలో షేక్ ముజిబుర్ రెహమాన్ ప్రభుత్వమే నాలుగో సవరణ ద్వారా దాన్ని అధ్యక్ష పాలనగా, ఏకపార్టీ వ్యవస్థగా మార్చింది. సైన్యం రాకముందే ప్రజాస్వామ్యం కుదించుకుపోయిందన్న సంగతి మనం మరచిపోకూడదు. అదే ఏడాది ఆగస్టు 15న కొందరు సైనికాధికారులు ముజిబ్‌ను, ఆయన కుటుంబ సభ్యులను ఇంట్లోనే హతమార్చారు. నవంబర్‌లో తిరుగుబాటు మీద తిరుగుబాటు జరిగింది. ఆ గందరగోళంలోంచి జనరల్ జియావుర్ రెహమాన్ పైకి వచ్చారు. 1981 మే 30న చిట్టగాంగ్‌లో ఆయన కూడా సైనికాధికారుల చేతుల్లోనే మరణించారు. 1982 మార్చి 24న సైన్యాధిపతి జనరల్ హుస్సేన్ మొహమ్మద్ ఎర్షాద్, ఎన్నికైన అధ్యక్షుడు అబ్దుస్ సత్తార్‌ను తొలగించి అధికారం చేజిక్కించుకున్నారు.

సైనిక పాలన అనగానే ఎన్నికలు లేని పాలన అని మనం అనుకుంటాం. బంగ్లాదేశ్‌లో అలా జరగలేదు. జనరల్స్ కాలంలో ఎన్నికలకు కొదవే లేదు! ఇద్దరు జనరల్స్ నడిచిన దారి ఒకటే. మొదట "నా పాలన మీకు సమ్మతమేనా?" అంటూ ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. 1977లో జియాకు దాదాపు 99 శాతం, 1985లో ఎర్షాద్‌కు సుమారు 94 శాతం "అవును" ఓట్లు వచ్చినట్టు అధికారిక లెక్కలు చెప్పాయి. తర్వాత సొంత పార్టీ పుడుతుంది. జియా 1978లో బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీని, ఎర్షాద్ 1986 జనవరి 1న జాతీయ పార్టీని స్థాపించారు. ఆ పార్టీ పార్లమెంటు ఎన్నికల్లో గెలుస్తుంది. చివరగా, మార్షల్ లా కాలంలో జరిగినవన్నీ సక్రమమేనని ఆ పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేస్తుంది. జియా కాలంలో 1979 నాటి అయిదో సవరణ, ఎర్షాద్ కాలంలో 1986 నాటి ఏడో సవరణ అలా వచ్చినవే.

ఈ సవరణలు సామాన్యుడి జీవితంలో ఎంత లోతుకు దిగుతాయో చెప్పడానికి చిన్న ఉదాహరణ ఇస్తాను. పాత ఢాకాలో మూన్ సినిమా అని ఒక థియేటర్ ఉండేది. 1971 యుద్ధం తర్వాత ప్రభుత్వం దాన్ని యజమానులు విడిచిపెట్టిన ఆస్తిగా లెక్కగట్టి స్వాధీనం చేసుకుంది. యజమానులు కోర్టులో గెలిచారు. అయినా మార్షల్ లా ఉత్తర్వు ఒకటి అడ్డం వచ్చి థియేటర్ వాళ్ళ చేతికి రాలేదు. ఆ ఉత్తర్వుకు రక్షణ అయిదో సవరణ. కాబట్టి హాలు కావాలంటే సవరణనే సవాలు చేయాలి. చేశారు. 2005లో హైకోర్టు అయిదో సవరణ చెల్లదని తీర్పు చెప్పింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పటికి జియా మరణించి దాదాపు మూడు దశాబ్దాలైంది. సైనిక పాలన కాగితాల మీద ఎంతకాలం బతుకుతుందో చూడండి.

మళ్ళీ 1980ల దశకానికి వద్దాం. ఎర్షాద్‌ను మొదట ఎదిరించినది విద్యార్థులే. 1983 ఫిబ్రవరి 14న ఢాకాలో ప్రభుత్వ విద్యావిధానానికి వ్యతిరేకంగా సాగిన ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1987 నవంబర్ 10న నూర్ హుస్సేన్ అనే యువకుడు చొక్కా లేకుండా ఊరేగింపులోకి వచ్చాడు. నియంతృత్వం నశించాలని ఛాతీ మీద, ప్రజాస్వామ్యానికి విముక్తి కావాలని వీపు మీద తెల్లరంగుతో రాయించుకున్నాడు. ఆరోజే పోలీసు తూటాకు బలయ్యాడు. ఆ వీపు ఫొటో నేటికీ ఆ దేశంలో ఎరగనివారు ఉండరు.

ఇంత ప్రతిఘటన ఉన్నా ఎర్షాద్ దాదాపు తొమ్మిదేళ్ళు ఎలా నిలిచారు? ప్రతిపక్షంలో రెండు పెద్ద శిబిరాలుండేవి. ఒకదానికి నాయకురాలు ముజిబ్ కుమార్తె షేక్ హసీనా, మరొకదానికి జియా భార్య ఖలీదా జియా. ఇద్దరూ తమవారిని సైనికుల తూటాలకు పోగొట్టుకున్నవారే. అయినా ఒకరినొకరు నమ్మేవారు కాదు. 1986 మే ఎన్నికల్లో హసీనా నాయకత్వంలోని అవామీ లీగ్ పోటీ చేసింది, ఖలీదా పార్టీ బహిష్కరించింది. ఎర్షాద్ పార్టీ 300 స్థానాల్లో 153 గెలుచుకుని గట్టెక్కింది. 1988 మార్చిలో ఇద్దరూ బహిష్కరించారు. ఎదురు లేని పోటీలో ఎర్షాద్ పార్టీ 251 స్థానాలు తీసుకుంది. నా ఉద్దేశంలో, ఆ ఇద్దరి మధ్య ఉన్న అపనమ్మకం ఎర్షాద్‌కు సైన్యంతో సమానమైన బలాన్నిచ్చింది.

ఆ ముడిని విప్పింది మీ వయసువాళ్ళే. 1990 అక్టోబర్ 10న ఢాకాలో సచివాలయ ముట్టడి సందర్భంగా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ మృతుల్లో ఒక విద్యార్థి ఉన్నాడు. అప్పటిదాకా విశ్వవిద్యాలయంలో ఒకరితో ఒకరు కొట్టుకునే విద్యార్థి సంఘాలు ఏకమై అఖిలపక్ష విద్యార్థి ఐక్యవేదికగా ఏర్పడ్డాయి. పిల్లలు కలిశాక పెద్దలకు విడిగా ఉండే మొహం లేకపోయింది. నవంబర్ 19న అవామీ లీగ్ నాయకత్వంలోని ఎనిమిది పార్టీల కూటమి, నేషనలిస్ట్ పార్టీ నాయకత్వంలోని ఏడు పార్టీల కూటమి, అయిదు వామపక్షాల కూటమి కలిసి ఒక ఉమ్మడి ప్రకటన వెలువరించాయి.

ఈ ప్రకటనను మీరు శ్రద్ధగా గమనించాలి. ఎర్షాద్ దిగిపోవాలని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది మామూలు డిమాండ్ అయ్యేది. ఎవరికి అప్పగించి దిగాలో, ఎలా దిగాలో కూడా అందులో రాశారు. మూడు కూటములకూ ఆమోదయోగ్యుడైన, పార్టీలతో సంబంధం లేని వ్యక్తిని ఎర్షాద్ ఉపాధ్యక్షుడిగా నియమించాలి. తర్వాత తాను రాజీనామా చేయాలి. ఆ వ్యక్తి తాత్కాలిక అధ్యక్షుడవుతాడు. ఆయన గానీ ఆయన మంత్రులు గానీ ఎన్నికల్లో నిలబడకూడదు. స్వేచ్ఛగా ఎన్నికలు జరపడం, అంతవరకు రోజువారీ పాలన చూడడం తప్ప ఆ ప్రభుత్వానికి వేరే పని లేదు. ప్రభుత్వ రేడియో, టెలివిజన్లు స్వతంత్రంగా ఉండాలి.

చిత్రమేమిటంటే, ఇదంతా ఎర్షాద్ కాలపు రాజ్యాంగం ప్రకారమే! ఆ రాజ్యాంగాన్ని చించివేయడానికి ఉద్యమానికి అప్పుడు బలం ఉంది. కానీ రాజ్యాంగం లేని ఖాళీలోకి మరో జనరల్ నడిచి వస్తాడన్న సంగతి ఆ దేశం 1975లో చూసింది, 1982లో చూసింది. అందుకే తాము ద్వేషించే చట్టం మెట్లమీదుగానే ఎర్షాద్‌ను కిందికి దింపారు.

నవంబర్ 27న ఢాకా విశ్వవిద్యాలయ ప్రాంతంలో డాక్టర్ షంసుల్ ఆలం ఖాన్ మిలన్ అనే యువ వైద్యుడు తూటా దెబ్బకు మరణించారు. ఆ రాత్రే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జనం కర్ఫ్యూను లెక్కచేయలేదు. సెన్సార్‌షిప్‌కు నిరసనగా పత్రికలు అచ్చు కావడం మానేశాయి. విశ్వవిద్యాలయ అధ్యాపకులు, డాక్టర్లు రాజీనామాలు ప్రకటించారు, ప్రభుత్వోద్యోగులు కార్యాలయాలు వదిలి బయటికి వచ్చారు. సైనిక నాయకత్వం కూడా ఎర్షాద్ కోసం ఇక ప్రజల మీదికి రాదలచుకోలేదు. ఎన్నికలకు ముందు దిగిపోతానని ఎర్షాద్ షరతుతో ఒక మాట అన్నారు. ఎవరూ వినలేదు. డిసెంబర్ 4 రాత్రి ఆయన రాజీనామా నిర్ణయం టెలివిజన్‌లో వెలువడింది.

డిసెంబర్ 6న మూడు సంతకాలు జరిగాయి. ఉపాధ్యక్షుడు మౌదూద్ అహ్మద్ రాజీనామా చేశారు. ఆ స్థానంలో ప్రధాన న్యాయమూర్తి షహాబుద్దీన్ అహ్మద్‌ను ఎర్షాద్ నియమించారు. ఆపైన ఎర్షాద్ తన రాజీనామాను ఆయనకే అందజేశారు. ప్రకటనలో రాసుకున్న క్రమం తప్పలేదు.

షహాబుద్దీన్ అహ్మద్ ఈ పదవిని కోరుకోలేదు. ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టారు: ఎన్నికలు కాగానే తాను తిరిగి ప్రధాన న్యాయమూర్తిగానే వెళ్ళిపోవాలి. అధ్యక్ష పీఠం ఎక్కిన మనిషి మళ్ళీ కోర్టుకు వెళ్ళడానికి అప్పటి రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి పార్టీలు సవరణ చేస్తామని మాట ఇచ్చాయి. తర్వాత 1991 ఆగస్టులో చేసిన పదకొండో సవరణ ఈ ఒక్క మనిషి కోసమే. అధికారం కోసం రాజ్యాంగాన్ని మార్చినవాళ్ళ గురించి చరిత్రలో ఎంతో చదువుతాం. అధికారం వదులుకుని వెళ్ళేందుకు మార్పించుకున్న మనిషిని నేను మరొకరిని ఎరగను.

ఆయన పదవి చేపట్టిన 83 రోజులకు, 1991 ఫిబ్రవరి 27న ఎన్నికలు జరిగాయి. ఖలీదా జియా పార్టీకి 140, అవామీ లీగ్‌కు 88, ఎర్షాద్ పార్టీకి 35, జమాతే ఇస్లామీకి 18 స్థానాలు వచ్చాయి. మొదటి రెండు పార్టీల ఓట్లు సుమారు 31 శాతం, 30 శాతం. అంటే ఒక్క శాతం కూడా సరిగా తేడా లేని ఓట్లు 52 సీట్ల తేడాను తెచ్చాయి. మన దేశంలో లాగానే అక్కడా నియోజకవర్గంలో అత్యధిక ఓట్లు వచ్చినవారే గెలుస్తారు, అందువల్ల ఇలా జరుగుతుంది. నిర్బంధంలో ఉన్న ఎర్షాద్ నిలబడిన అయిదు స్థానాల్లోనూ గెలిచారు! ఉద్యమం కూలదోసిన మనిషిని ఆయన సొంత రంగపూర్ ప్రాంతపు ఓటర్లు నెత్తిన పెట్టుకున్నారు. స్వేచ్ఛగా జరిగిన ఎన్నిక అని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఓటమి ఊహించని హసీనా మాత్రం సూక్ష్మమైన రిగ్గింగ్ జరిగిందన్నారు. ఆ మాట నిలవలేదు, కానీ ముందుముందు ఏం రాబోతోందో అందులో కొంత వినిపిస్తుంది.

కొత్త పార్లమెంటు ఆగస్టు 6న పన్నెండో సవరణతో పార్లమెంటరీ విధానాన్ని తిరిగి తెచ్చింది. అధికార, ప్రతిపక్షాలు కలిసి ఓటు వేశాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. సెప్టెంబర్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలూ ఆమోదించారు. షహాబుద్దీన్ అహ్మద్ అక్టోబర్‌లో కోర్టుకు తిరిగి వెళ్ళారు.

కథ ఇక్కడ ఆగితే మనకు హాయిగా ఉండేది.

మీకు ఒక సందేహం రావచ్చు. మన దేశంలో ఎన్నికలప్పుడు అధికారంలో ఉన్న ప్రభుత్వమే కొనసాగుతుంది కదా, అక్కడ మాత్రం న్యాయమూర్తి ఎందుకు? మన రాజ్యాంగం 324వ అధికరణం ఎన్నికల నిర్వహణను ఎన్నికల సంఘానికి అప్పగించింది. 1977లో అత్యవసర పరిస్థితి విధించిన ప్రధాని పదవిలో ఉండగానే ఎన్నికలు జరిగాయి, ఆమే ఓడిపోయారు. పాలకులు పదవిలో ఉండి ఓడిపోగలరన్న నమ్మకం మనకు అలాంటి సందర్భాల నుంచి వచ్చింది. బంగ్లాదేశ్‌లో 1991 వరకు ఏ ప్రభుత్వమూ తాను జరిపిన ఎన్నికల్లో ఓడిపోలేదు. ఎన్నికల సంఘం అక్కడా ఉంది. లేనిది ఆ అనుభవం.

1994 మార్చి 20న మాగురా అనే చోట ఉప ఎన్నిక జరిగింది. అవామీ లీగ్ సభ్యుడి మరణంతో ఖాళీ అయిన స్థానాన్ని అధికార పార్టీ గెలుచుకుంది. పెద్ద ఎత్తున అక్రమాలు జరిగాయని ప్రతిపక్షం ఆరోపించింది. ఇక్కడ ఒక విషయం చూడండి. 1991 ఎన్నికలను మెచ్చుకోలుగా నడిపిన ప్రధాన ఎన్నికల కమిషనర్ జస్టిస్ అబ్దుర్ రవూఫ్ మాగురా నాటికీ అదే పదవిలో ఉన్నారు. మనిషి మారలేదు. పైన కూర్చున్న ప్రభుత్వం మారింది. పోలీసులు, జిల్లా అధికారులు ఇప్పుడు తమ బదిలీలు, ప్రమోషన్లు చూసే మంత్రుల వైపు చూస్తున్నారు.

ఇక ప్రతిపక్షం ఒకే కోరిక పట్టుకుంది: 1991లో జరిగినట్టే ప్రతిసారీ జరగాలి. సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. హర్తాళ్‌లతో దేశం స్తంభించింది. 1996 ఫిబ్రవరి 15న ప్రతిపక్షాలు లేకుండా జరిగిన ఎన్నికలను జనం పట్టించుకోలేదు. ఆ పార్లమెంటు సమావేశమైన రెండు వారాల్లోపే రద్దయింది. రద్దయ్యే ముందు చేసిన ముఖ్యమైన పని పదమూడో సవరణ. దాని ప్రకారం పార్లమెంటు గడువు ముగియగానే ప్రభుత్వం దిగిపోతుంది. ఆపద్ధర్మ ప్రభుత్వం వస్తుంది. దానికి ప్రధాన సలహాదారు అందరికంటే చివరగా రిటైరైన ప్రధాన న్యాయమూర్తి. పదిమందికి మించకుండా సలహాదారులు ఉంటారు. 90 రోజుల్లో ఎన్నికలు జరగాలి.

1996 జూన్‌లో, 2001 అక్టోబర్‌లో ఈ పద్ధతిలోనే ఎన్నికలు జరిగాయి. రెండుసార్లూ అంతకుముందు పాలించిన పార్టీ ఓడిపోయింది. 2001లో అయిదేళ్ళ గడువు నిండిన ప్రభుత్వం శాంతియుతంగా దిగిపోవడం ఆ దేశ చరిత్రలో మొదటిసారి. విదేశాల నుంచి కూడా ఈ పద్ధతిని మెచ్చుకుంటూ వ్యాసాలు వచ్చాయి.

కానీ 1990లో న్యాయమూర్తి ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు. ఆయనను తమవైపు తిప్పుకునే వ్యవధి ఏ పార్టీకీ లేకపోయింది. చట్టంలో రాసిన తర్వాత సంగతి వేరు. రాబోయే ఎన్నికల నాటికి చివరగా రిటైరై ఉండే ప్రధాన న్యాయమూర్తి ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పవచ్చు. 2004లో ఖలీదా ప్రభుత్వం పద్నాలుగో సవరణతో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 65 నుంచి 67కు పెంచింది. వినడానికి నిరపాయమైన మార్పు. దాని ఫలితంగా 2006 చివర్లో ఆపద్ధర్మ పీఠం జస్టిస్ కె.ఎం. హసన్‌కు దక్కేలా లెక్క కుదిరింది. ఆయనకు ఒకప్పుడు అధికార పార్టీతో సంబంధం ఉందని ప్రతిపక్షం వీధికెక్కింది. రక్తపాతం జరిగింది. ఆయన పదవి తీసుకోనన్నారు. చట్టంలోని మిగతా ప్రత్యామ్నాయాలను సరిగా పరీక్షించకుండానే అధ్యక్షుడు ఇయాజుద్దీన్ అహ్మద్ తానే ప్రధాన సలహాదారునని ప్రకటించుకున్నారు. 2007 జనవరి 11న సైన్యం ఒత్తిడితో అత్యవసర పరిస్థితి వచ్చింది. 90 రోజుల ప్రభుత్వం సైన్యం అండతో దాదాపు రెండేళ్ళు సాగింది. హసీనా, ఖలీదా ఇద్దరూ జైలుకు వెళ్ళారు. సైన్యాన్ని దూరంగా ఉంచడానికి కట్టిన ఇంటి వెనుక తలుపులోంచి సైన్యమే లోపలికి వచ్చింది. ఆ కాలంలో ఎనిమిది కోట్లకు పైగా ఓటర్లకు ఫొటోలతో జాబితా తయారైందన్న మంచిని కూడా చెప్పుకోవాలి. 2008 డిసెంబర్ 29న ఆ జాబితాతోనే ఎన్నికలు జరిగి హసీనా భారీ మెజారిటీతో గెలిచారు.

2011 మే 10న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో పదమూడో సవరణను కొట్టివేసింది. ఎన్నిక కానివారు స్వల్పకాలమైనా పాలించడం ప్రజాస్వామ్య మౌలిక స్వరూపానికి విరుద్ధమని భావించింది. మౌలిక స్వరూప సిద్ధాంతం మీకు పరిచయమే. 1973లో మన కేశవానంద భారతి కేసులో రూపుదిద్దుకున్న ఆ ఆలోచనను ఢాకా న్యాయస్థానం 1989లో స్వీకరించింది. అయితే కావాలంటే మరో రెండు ఎన్నికలు పాత పద్ధతిలో జరుపుకోవచ్చనీ, న్యాయమూర్తులను ఇందులోకి లాగకుండా చూడవచ్చనీ కోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఒకప్పుడు ఇదే పద్ధతి కోసం వీధుల్లో పోరాడిన హసీనా, ఇప్పుడు ప్రధానిగా ఆ వెసులుబాటును వాడుకోలేదు. జూన్ 30న పదిహేనో సవరణ ఆపద్ధర్మ ప్రభుత్వాన్ని పూర్తిగా తుడిచేసింది. తర్వాతి ఎన్నికలు 2014 జనవరి 5న జరిగాయి. ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. 300 స్థానాల్లో 153 చోట్ల పోటీయే లేదు. సగానికి పైగా నియోజకవర్గాల్లో ఓటరుకు బ్యాలెట్ పత్రం చూసే అవకాశమే రాలేదన్నమాట. జనరల్ లేకుండానే 1988 తిరిగొచ్చింది.

2018లోనూ, 2024 జనవరిలోనూ ఎన్నికలు జరిగాయి, వివాదాలు పెరిగాయే గానీ తగ్గలేదు. 2024 జూలైలో ఉద్యోగాల రిజర్వేషన్ల మీద మొదలైన విద్యార్థుల ఉద్యమం, వందలాది ప్రాణాలు పోయాక, ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్ళడంతో ముగిసింది. మళ్ళీ అదే మధ్యకాలం, మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి న్యాయమూర్తి బదులు ఆర్థికవేత్త మొహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వానికి ప్రధాన సలహాదారుగా ఆగస్టు 8న ప్రమాణం చేశారు. ఆ పదవి పేరు చూడండి, పదమూడో సవరణలోనిదే.

షహాబుద్దీన్ అహ్మద్ ఇదంతా చూడలేదు. 1996 నుంచి 2001 వరకు ఆయన మరోసారి, ఈసారి పార్లమెంటు ఎన్నుకోగా, దేశాధ్యక్షుడిగా ఉన్నారు. 2022 మార్చిలో ఢాకాలో కన్నుమూశారు. ఎర్షాద్ అంతకు మూడేళ్ళ ముందు, 2019 జూలైలో మరణించారు. అప్పటికి ఆయన పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు. 2024 డిసెంబర్ 17న ఢాకా హైకోర్టు, ఆపద్ధర్మ ప్రభుత్వాన్ని తొలగించిన పదిహేనో సవరణ భాగాలు చెల్లవని తీర్పు చెప్పింది.